షట్టర్ స్ప్రింగుతో పంతం వద్దు

పదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తున్న మడిగెకు బిగించిన ఇనుప షట్టర్ ఎంత బరువుంటుందో దాన్ని రోజూ ఎత్తి దించే మనిషి కూడా లెక్క వేసుకోడు. 1.25 మిల్లీమీటర్ల మందమున్న ఉక్కు రేకు చదరపు మీటరుకు పది కిలోల దాకా తూగుతుంది. అంత మడిగెకు ఆ రేకు ఏడున్నర చదరపు మీటర్లు కావాలి. పట్టీకి పట్టీని కలిపే మెలిక అంచులు, అడుగున ఉండే మందపాటి ప్లేటు, తాళం కడ్డీలు కలిస్తే మొత్తం తొంబై కిలోలకు అటూ ఇటూ అవుతుంది. పొద్దున్నే వచ్చి తాళం తీసిన నడివయసు మనిషి దాన్ని ఒంటిచేత్తో పైకి తోసేయగలుగుతున్నాడంటే, ఆ బరువును మోస్తున్నది అతని చేయి కాదు. పైన రేకు పెట్టెలో కంటికి కనిపించకుండా చుట్టుకుని ఉన్న స్ప్రింగులు.

వరంగల్ చౌరస్తా, స్టేషన్ రోడ్డు, జేపీఎన్ రోడ్డు, హన్మకొండ చౌరస్తా, కాజీపేట, ఎనుమాముల మార్కెట్ దారి... ఎటు పోయినా వరసగా ఇవే షట్టర్లు. ఇళ్ల కింద కట్టిన మడిగెలకూ ఇవే, కార్లు పెట్టుకునే జాగాకూ చాలాచోట్ల ఇవే. ఇవి మొరాయించినప్పుడు పిలవాల్సింది మెకానిక్‌ను. పిలిచేది మాత్రం ఎక్కువసార్లు పక్కనున్న నిచ్చెననూ, పానానూ. షట్టర్ స్ప్రింగు విప్పడం, బిగించడం ఇంటివాళ్లు చేసుకునే పని కాదు. దుకాణంలో జీతానికున్న కుర్రాడితో చేయించే పని అంతకన్నా కాదు. ఈ మాట గట్టిగా చెప్పాల్సిన అవసరం ఈ ఊళ్లో ఉంది.

షట్టర్ కట్టడం చూడటానికి సులువుగానే ఉంటుంది. పైన అడ్డంగా ఒక లావు పైపు, దాని రెండు కొసలను పట్టుకోవడానికి గోడకు రెండు బ్రాకెట్లు, పైపు మీద డబ్బాల్లో చుట్టిన బద్ద స్ప్రింగులు, వాటికి వేలాడే ఇనుప పట్టీల పరదా, అది జారడానికి ఇరుపక్కలా గైడ్లు. షట్టర్ బిగించేటప్పుడే మెకానిక్ ఆ పైపును కొన్ని చుట్లు తిప్పి స్ప్రింగులకు బిగువు ఎక్కిస్తాడు, గోడ గడియారానికి కీ ఇచ్చినట్టు. షట్టర్ కిందికి దిగేకొద్దీ ఆ బిగువు ఇంకా పెరుగుతుంది. పూర్తిగా కిందికి దించి తాళం వేసినప్పుడే అది అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుంది. పైకి చుట్టేసినప్పుడు తగ్గుతుంది కానీ, మొదట ఎక్కించిన బిగువు ఎక్కడికీ పోదు.

ప్రమాదం పుట్టేది ఇక్కడే. ‘షట్టర్ పైనే ఉంది కదా, బరువేమీ వేలాడటం లేదు కదా’ అనుకుని బ్రాకెట్ బోల్టు విప్పితే పైపు ఒక్కసారిగా వెనక్కి గిర్రున తిరుగుతుంది. పానా చేతిలో ఉంటే మణికట్టును మెలిపెడుతుంది, జారితే మొహానికే వచ్చి తగులుతుంది. నిచ్చెన మీదున్న మనిషి ఆ దెబ్బకు కింద పడితే తలకు తగిలేది సిమెంటు మెట్టు. ‘కిందికి దించే ఉంది కదా, పడేదేముంది’ అనుకుని విప్పేవాడిది ఇంకా పెద్ద పొరపాటు. స్ప్రింగు అప్పుడు నిండా చుట్టుకుని ఉంటుంది.

పని తెలిసినవాడు ఎలా మొదలుపెడతాడో ఒకసారి నిలబడి చూడండి. ముందు షట్టర్ కింద ఎవరినీ ఉండనివ్వడు. పైపును పెద్ద పైపు పానాతో పట్టి, తాడుతో కట్టి, తిరగకుండా ఆపుతాడు. తర్వాత స్ప్రింగు బిగువును ఒక్కో చుట్టూ లెక్కపెట్టుకుంటూ వదులుతాడు. బిగువంతా పోయాకే బ్రాకెట్ జోలికి వెళ్తాడు. పక్కన ఇంకో మనిషి లేకుండా ఈ పని చేయడు. ఫోన్లో పది నిమిషాల వీడియో చూసినవాడికి ఏ బోల్టు ఎక్కడుందో తెలుస్తుంది. ఏ బోల్టు వెనక ఎంత బలం కాచుకుని ఉందో చేత్తో పట్టి చూసినవాడికే తెలుస్తుంది.

అయినా జనం ఎందుకు తెగిస్తారంటే కారణాలు బోధపడనివి కావు. పొద్దున తొమ్మిదింటికి షట్టర్ సగంలో ఇరుక్కుంటుంది. బయట గిరాకీ నిలబడి ఉంటుంది. మెకానిక్‌కు ఫోన్ చేస్తే ‘మధ్యాహ్నం దాటుతది సేటూ’ అంటాడు. ‘అంతదాకా ఏం ఆగుతం, నువ్వే జర కింది నుంచి నూకు, నేను ఈ మూల గుంజుత’ అని యజమాని కుర్రాడికి చెప్తాడు. ఆ కుర్రాడు వంగి, సగం తెరుచుకున్న షట్టర్ కిందికి భుజం పెడతాడు. స్ప్రింగుల్లో ఒకటి విరిగిందా, పైన పైపు బ్రాకెట్ నుంచి జారిందా అన్నది కింద ఉన్నవాడికి కనపడదు. రెండు స్ప్రింగులు పంచుకోవాల్సిన బరువు ఒక్కదాని మీద పడి ఉంటుంది. అదీ తెగితే మొత్తం బరువు దిగేది ఆ భుజం మీదికే. ఇటువంటి చోట ఆజ్ఞ ఇచ్చిన మనిషికి ఏమీ కాదు, మాట కాదనలేని మనిషికి అవుతుంది. కాబట్టి దీన్ని కేవలం సొంత రిపేరు సరదాగా చూడలేం. జీతమిచ్చే చేతిలో ఇంకొకరి ప్రాణం ఉన్న వ్యవహారం ఇది.

వరంగల్‌కు దీని మీద ఇంకో బెడద కూడా ఉంది: వరద. 2020 ఆగస్టులో కాలనీలకు కాలనీలే నీళ్లలో నిలబడ్డాయి. 2023 జులై చివరి వారంలో నయీంనగర్ నాలా పొంగింది, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. రోడ్డు మీది నీళ్లు ముందుగా దూరేది షట్టర్ కింది సందులోంచే. నీళ్లు పోతాయి, బురద మాత్రం గైడ్లలో మిగిలి గట్టిపడుతుంది. అడుగు ప్లేటూ, కింది నాలుగైదు పట్టీలూ తుప్పు పడతాయి. అడుగు భాగం తుప్పుతో పట్టేసినా, పైన స్ప్రింగు మాత్రం ఎప్పటిలాగే లాగుతూ ఉంటుంది. గడ్డపార పెట్టి కింది నుంచి ఎత్తిపొడిచినప్పుడు పట్టు ఒక్కసారిగా విడిపోతే షట్టర్ ఎగిరినట్టు పైకి పోతుంది, లేదా ఒక పక్కే లేచి గైడ్ నుంచి ఊడిపోతుంది. పాతబడిన గోడల్లో బ్రాకెట్లను పట్టుకున్న మేకులు, బోల్టులు కూడా చెమ్మకు వదులవుతాయి. ఇవేవీ కింద నిలబడి చూస్తే తెలియవు.

తుప్పు పోవడానికి చాలామంది చేసే వైద్యం కూడా హానికరమే. బండి ఇంజిన్ నుంచి తీసిన పాత నూనెనో, చిక్కటి గ్రీజునో గైడ్లలో దట్టంగా పూస్తారు. రెండు రోజులు షట్టర్ హాయిగా జారుతుంది. తర్వాత రోడ్డు దుమ్మంతా ఆ జిడ్డుకు అంటుకుని ముద్దవుతుంది. మునుపటికన్నా బిగుసుకుంటుంది. అప్పుడు మళ్లీ గడ్డపార.

కరెంటు సంగతి వేరు. దుకాణం పేరు బోర్డుకు లైట్లు పెట్టేటప్పుడు వైరును షట్టర్ పెట్టె పక్కనుంచో, పైనుంచో లాగుతారు. షట్టర్ లేచి దిగినప్పుడల్లా పట్టీల అంచు ఆ వైరు తొడుగును కొద్దికొద్దిగా కోస్తూ ఉంటుంది. ఎండాకాలమంతా ఏమీ కాదు. వానాకాలం మొదటి జల్లు పడ్డనాడు పట్టీలు, గైడ్లు, తాళం అన్నిట్లోకీ కరెంటు వచ్చేస్తుంది. తడి నేల మీద నిలబడి తాళం పట్టుకున్న మనిషికి అది తెలిసేలోపే ముంచుకొస్తుంది. షట్టర్ రిపేరు చేస్తానని నిచ్చెన ఎక్కి పెట్టెలో చేయి పెట్టేవాడికి స్ప్రింగు ఒక గండమైతే ఈ వైరు రెండో గండం. మెయిన్ ఆఫ్ చేయకుండా ఆ పెట్టె మూత తీయకూడదు. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటును ఆపేసే ఆర్‌సీసీబీ ప్రతి దుకాణంలో ఉండాలి. దాని ఖరీదు ఒక పండగ పూట గిరాకీలో వచ్చే లాభం పాటి చేయదు.

షట్టర్ బాధలు ఇక్కడితోనే ఆగవు. నిట్‌లోనో, ఇంకో కాలేజీలోనో చదివి డాలస్ శివార్లలోనో, న్యూజెర్సీలోనో ఇల్లు కొనుక్కున్న వరంగల్ పిల్లలు చాలామందే ఉన్నారు. అక్కడి గరాజ్ కేవలం కారు పెట్టుకునే చోటు కాదు. పండగకు పెద్ద గిన్నెల్లో వంట చేసేది, పూరీలు వేయించేది, పిల్లల పుట్టినరోజుకు బల్లలు వేసేది చాలా ఇళ్లలో అక్కడే. ఇక్కణ్నుంచి వెళ్లిన అమ్మానాన్నలు పొద్దున కుర్చీ వేసుకుని కూర్చునేదీ ఆ తలుపు ఎదుటే. ఆ తలుపు కూడా స్ప్రింగు మీదే నడుస్తుంది. తలుపు పైన గోడకు అడ్డంగా ఒక ఉక్కు కడ్డీ, దాని చుట్టూ లావుపాటి మెలిక స్ప్రింగు. ఏడడుగుల తలుపుకైతే దానికి ఏడు, ఏడున్నర చుట్లు బిగిస్తారు.

మామూలు స్ప్రింగును పది వేల సార్లు తలుపు తెరిచి మూసే లెక్కతో తయారు చేస్తారు. రోజుకు నాలుగుసార్లు కారు తీసి పెట్టే ఇంట్లో అది ఏడేళ్లలోపే అయిపోతుంది. తర్వాత ఒకనాడు ఇల్లంతా అదిరేట్టు పెద్ద చప్పుడు. స్ప్రింగు మధ్యలో విరిగి రెండు ముక్కలుగా కనపడుతుంది. కొత్త స్ప్రింగు ఆన్‌లైన్‌లో చవకగా దొరుకుతుంది, మెకానిక్ వస్తే రెండు మూడు వందల డాలర్లు అడుగుతాడు. ఇంజినీరు చదువు చదివిన మనిషికి ఈ తేడా మింగుడుపడదు. స్ప్రింగును చుట్టడానికి కొలతకు సరిపోయే రెండు ఉక్కు కడ్డీలు కావాలి. అవి లేక స్క్రూడ్రైవరు దూర్చి తిప్పినవాళ్లున్నారు. అది జారిందంటే స్ప్రింగు బలమంతా ఆ స్క్రూడ్రైవరు మీదికి వస్తుంది, దాని దారిలో ఉన్నది వేళ్లయినా, దవడైనా సరే.

విరిగిన స్ప్రింగుతో ఉన్న తలుపు తెరిచి ఉండగా మోటారు నుంచి వేలాడే ఎర్ర తాడును లాగడం ఇంకో పెద్ద ప్రమాదం. అప్పటిదాకా మోటారు పట్టుకుని ఉన్న బరువు పట్టు లేకుండా కిందికి వస్తుంది. తలుపు అడుగు మూలల్లో తీగను పట్టుకునే బ్రాకెట్ ఉంటుంది. దాని బోల్టులు విప్పినా అంతే. చాలా కంపెనీలు ఆ బోల్టులకు ఎర్ర రంగు వేసేది అందుకే. ఇక్కణ్నుంచి వెళ్లిన తల్లిదండ్రులకు పిల్లలు ముందుగా చెప్పాల్సింది ఇదే. కొడుకు ఆఫీసు నుంచి వచ్చేలోపు సాయం చేద్దామని ఆ తలుపు మీద చేయి వేయొద్దు.

అక్కడి ప్రభుత్వం ఈ తలుపుల విషయంలో ఊరికే మేలుకోలేదు. 1982 మార్చి తర్వాత, రెండేళ్ల నుంచి 14 ఏళ్ల మధ్య వయసు పిల్లలు దాదాపు 60 మంది మోటారు గరాజ్ తలుపుల కింద చిక్కి చనిపోయారని అమెరికా వినియోగదారుల వస్తు భద్రతా సంఘం చెప్పింది. 1990లో చట్టం వచ్చింది. 1993 జనవరి 1 నుంచి తయారైన ఇంటి గరాజ్ మోటార్లకు మనిషో, వస్తువో అడ్డొస్తే తలుపు తిరిగి పైకి పోయే ఏర్పాటు తప్పనిసరి అయింది. నేలకు ఆరంగుళాల ఎత్తులోపు రెండు పక్కలా కనపడే చిన్న సెన్సర్లు అలా వచ్చినవే. అవి మొరాయిస్తున్నాయని రెంటినీ ఊడదీసి, ఎదురెదురుగా పెట్టి, పైన అటక దగ్గర కట్టేసుకునేవాళ్లు అక్కడా ఉన్నారు. అరవై మంది పసివాళ్ల ప్రాణాల మీద వచ్చిన రక్షణను టేపు ముక్కతో తీసిపారేయడమే అది.

మన దగ్గర హన్మకొండ షోరూములకూ, కొత్త ఇళ్లకూ మోటారు షట్టర్లు వస్తున్నాయి. రిమోట్ నొక్కితే దిగుతాయి. అడ్డంగా పిల్లవాడుంటే ఆగుతాయా అని కొనేటప్పుడు అడిగేవాళ్లు తక్కువ. ఇనుప రోలింగ్ షట్టర్లకు ఐఎస్ 6248 అని భారతీయ ప్రమాణం ఒకటి ఏనాటి నుంచో ఉంది. పట్టీల మందం, గైడ్లు, బ్రాకెట్లు, స్ప్రింగులు ఎలా ఉండాలో అందులో రాసి ఉంది. వెల్డింగు షాపులో షట్టర్‌కు బయానా ఇచ్చేటప్పుడు ఈ సంఖ్య చెప్పి అడగడానికి ఏ ఖర్చూ లేదు.

ఇనుప తలుపు ఊడిపడితే ఏమవుతుందో తెలంగాణకు తెలియనిది కాదు. 2024 నవంబర్‌లో హైదరాబాద్ హయత్‌నగర్‌లో ప్రభుత్వ పాఠశాల గేటు కూలి మీద పడి ఒకటో తరగతి పిల్లవాడు చనిపోయాడు. బడి గేటైనా, ఇంటి ముందరి జారుడు గేటైనా వదులైన కీలు, అరిగిన చక్రం, ఊడిన స్టాపరు ముందే కనపడతాయి. ‘తర్వాత చూద్దాం’ అని ఒకరు, తీగ ముక్కతో కట్టి ‘అయిపోయింది’ అని ఇంకొకరు వదిలేస్తారు. తీగతో కట్టిన గేటును పిల్లలు ఊయల చేసుకుంటారు.

2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ భోయిగూడలో తుక్కు గోదాముకు నిప్పంటుకుని, పై అంతస్తులో నిద్రపోతున్న 11 మంది బీహార్ కార్మికులు చనిపోయారు. వాళ్లు బయటికి రావాలంటే కింది దుకాణంలోంచే రావాలి, దాని షట్టర్ మూసి ఉందని పోలీసులు అప్పట్లో చెప్పారు. అది రిపేరు వల్ల జరిగింది కాదు. కానీ షట్టర్ అంటే దొంగలను ఆపేది మాత్రమే కాదనీ, లోపలున్నవాళ్లకు అదొక్కటే దారి కావచ్చనీ దాన్ని చూసి తెలుసుకోవాలి. సగం విప్పి, సగం బిగించి, ‘రెండు దెబ్బలు కొడితే లేస్తది’ అన్న స్థితిలో నడిపిస్తున్న షట్టర్ వెనక రాత్రి మనిషిని పడుకోబెట్టడం నేరంతో సమానం.

ఇంత తెలిసీ రిపేరు ఎందుకు వాయిదా పడుతుందంటే, ఖర్చు ఎవరిదన్న పేచీ ఒకటుంది. కిరాయిదారు ‘మడిగె నీది, షట్టర్ నీది’ అంటాడు. యజమాని ‘వాడుకునేది నువ్వు’ అంటాడు. ఇద్దరి మధ్యా నెలలు గడుస్తాయి, ఆఖరుకు కిరాయిదారే నిచ్చెన ఎక్కుతాడు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ దీనికో దారి చూపించింది. యజమాని చేయించాల్సిన మరమ్మతును అతనికి తెలియజేసినా తగిన సమయంలో చేయించకపోతే, కిరాయిదారు తానే చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా కిరాయిలోంచి మినహాయించుకోవచ్చు. ఆ మరమ్మతు యజమాని బాధ్యత అయి ఉండాలన్నది అందులోని మెలిక. కాబట్టి కిరాయి కాగితం రాసుకునేనాడే షట్టర్, స్ప్రింగు, మోటారు రిపేరు ఎవరిదో ఒక్క వాక్యంలో రాసుకోవాలి. అడ్వాన్సు, కరెంటు బిల్లు గురించి రాసుకునే ఓపిక ఉన్నప్పుడు దీనికీ ఉండాలి.

మెకానిక్‌ల గురించి కూడా చెప్పుకోవాలి. షట్టర్ పనిని వీళ్లు ఎక్కువగా తండ్రి దగ్గరో, ఉస్తాదు దగ్గరో నేర్చుకుంటారు. వెదురు నిచ్చెన, అరిగిన పానా, చేతికి గ్లౌజులుండవు, కళ్లకు అద్దాలుండవు. పని తెలిసినవాళ్లే అయినా ప్రమాదానికి అతీతులు కారు. పది నిమిషాల పనికి ఇంత అడుగుతావా అని వాళ్లతో బేరమాడేవాళ్లు, ఆ పది నిమిషాల్లో వాళ్లు దేనికి ఎదురు నిలబడుతున్నారో చూడటం లేదు. సహాయకుడికి కూలి ఇవ్వలేక ఒక్కడే వచ్చేలా బేరం తగ్గించడమంటే అతని ప్రమాదాన్ని పెంచడమే. ఐటీఐల్లో ఫిట్టర్, వెల్డర్ కోర్సులు నడుస్తున్నాయి. అక్కడే వీళ్లకు కొద్ది రోజుల శిక్షణ ఇచ్చి, బిగువు వదిలే పద్ధతి, కరెంటు జాగ్రత్తలు, మోటారు షట్టర్ల సెన్సర్లు నేర్పించి ఒక గుర్తింపు కార్డు ఇస్తే ఊరంతటికీ మేలు.

ఇంటివాళ్లు, దుకాణదారులు చేసుకోదగ్గ పనులు లేకపోలేదు. గైడ్లలోని దుమ్మును బ్రష్షుతో ఊడ్చి, గుడ్డతో తుడిచి, పల్చటి నూనె చుక్కలు వేయొచ్చు. తాళం కడ్డీలకు నూనె పెట్టొచ్చు. కింద నిలబడి చెవి పెట్టొచ్చు: కొత్త చప్పుడు వస్తున్నదా, ఒక పక్క ముందు లేస్తున్నదా, నిన్నటికన్నా బరువనిపిస్తున్నదా, సగంలో వదిలితే నిలవకుండా జారుతున్నదా. ఇందులో ఏ ఒక్కటి కనపడినా ఆగిపోవాలి. కర్ర పోటు పెట్టి దాని కిందినుంచి అటూ ఇటూ తిరగొద్దు. లేస్తున్న షట్టర్ అడుగు పట్టుకుని వేలాడే ఆట పిల్లలకు సరదాగా ఉంటుంది. పట్టీల మధ్య వేళ్లు పోతే ఆ సరదా ఎంజీఎం ఆసుపత్రిలో తేలుతుంది. పెట్టె మూత, పైపు, బ్రాకెట్, స్ప్రింగు డబ్బా, ఈ నాలుగింటి జోలికి ఎవరూ పోవద్దు.

ఏటా వానాకాలానికి ముందు నగరపాలక సంస్థ నాలాలు తీయిస్తుంది. అదే సమయంలో వర్తక సంఘాలు బజారుకో రోజు పెట్టుకుని, అందరూ తలా కొంత వేసుకుని, మంచి మెకానిక్‌ల జట్టుతో వరసగా ప్రతి షట్టర్‌నూ, దాని పక్కనుంచి పోయే ప్రతి వైరునూ చూపించుకోవచ్చు. విడివిడిగా పిలిస్తే అయ్యే ఖర్చులో కొంత తగ్గుతుంది, మెకానిక్‌కు వరసగా పని దొరుకుతుంది. ఈ పనికి సర్కారు ఉత్తర్వు అక్కర్లేదు. వరంగల్ చౌరస్తా వర్తకులు ముందుకొస్తే హన్మకొండ, కాజీపేట వాళ్లూ చేస్తారు. వచ్చే జూన్‌లో తొలకరి పడేలోపు మీ బజారులో ఆ రోజు ఏదో సంఘం పెద్దలతో కూర్చుని ఖాయం చేయించండి. అప్పటిదాకా షట్టర్ ఇరుక్కున్న పూట దుకాణం రెండు గంటలు ఆలస్యంగా తెరవండి, కుర్రాణ్ని మాత్రం దాని కిందికి పంపకండి.